రాహేలమ్మ గారి హెల్త్ కార్డు

అరకులోయ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న భోజన హోటల్లో పద్దెనిమిదేళ్ళ పాటు వంటశాలను ఏలిన రాహేలమ్మ గారు గత ఆదివారం ఉదయం ప్రభువు సన్నిధికి చేరారు. ఆవిడ మనవరాలు సువార్త, శృంగవరపుకోటలో నేనుండే ఇంటికి ఫోను చేసి, "బాబుగారూ, మామ్మ నేదండి" అని మాత్రం చెప్పి ఏడ్చేసింది. వయసు మీరిన మనిషి, గుండెజబ్బు మనిషి, ఎప్పుడో ఒకప్పుడు తప్పదని తెలుసు. తెలిసి ఉండడం వేరు, వినవలసి రావడం వేరు.

ఆవిడ చేతి అన్నం తిన్నవారు, ఆవిడ చేత చీవాట్లు తిన్నవారు ఆ లోయలో వందలమంది ఉన్నారు. ఆమె సద్గుణాలను కీర్తించడానికి వాళ్ళందరికీ నాకంటే ఎక్కువ అర్హత ఉంది. అయినా కలం పట్టాను. కారణం చెప్పుకుంటాను. నేను అక్కడ తొమ్మిదేళ్ళు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. హోటళ్ళలో వండేవాళ్ళకూ వడ్డించేవాళ్ళకూ అంటురోగాలేవీ లేవని ఏటేటా పరీక్ష చేయించి, టైఫాయిడ్ ఇంజక్షన్ వేయించి, హెల్త్ కార్డు మీద సంతకం చెయ్యడం నా ఉద్యోగధర్మాల్లో ఒకటి. ఆ కార్డు లేనివాళ్ళు హోటలు వంటింట్లో అడుగుపెట్టకూడదు. ఆవిడకు ఆ కార్డు తిరిగి ఇప్పించగలిగిన కాగితం ఒకటి ఏడేళ్ళు నా ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఆ సంగతి దాచిపెట్టి ఆవిడ పటానికి దండ వెయ్యడానికి నాకు చేతులు రావు.

తొంభైల మొదట్లో నేను అరకు వచ్చేనాటికి ఈ కార్డుల వ్యవహారం ఎలా నడిచేదో చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఇన్‌స్పెక్టరు గారు హోటలుకు వేంచేస్తారు. యజమాని కార్డుల కట్ట తెచ్చి బల్ల మీద పెడతాడు. రెండు ఇడ్లీలు, ఒక పెసరట్టు పూర్తయ్యేలోగా సంతకాలూ పూర్తవుతాయి. పరీక్ష అన్నమాట ఎవరి నోటా రాదు. నేనూ ఆ తానులో ముక్కనే. రాహేలమ్మ గారి హోటల్లో మొదటిసారి అలాగే కలం తీశాను. లోపలి నుంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఒక బక్కపల్చటి మనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"పరీచ్చ సెయ్యకుండా సంతకం ఏటి బాబూ? ఇడ్లీ తింటంటే ఈలందరి కడుపుల్లో ఏటుందో కనిపించేసినాదేటి?"

హోటలు యజమాని నాయుడు గారికి ముచ్చెమటలు పోశాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వంట చేసుకునే మనిషివి నీకెందుకమ్మా అన్నాను. ఆవిడ గొంతు పెంచలేదు. "నానూ మా ఆయనా ఒకే వారం టైఫాయిడ్ తోటి మంచం పట్టినాం బాబూ. నాను నేచినాను. ఆయన నేవనేదు. అందుకూ నాకు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత తెలిసింది, భర్త పోయాక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చాలాకాలం పనిచేసి, కొడుకునూ కూతుర్నీ చదివించుకోవడానికి ఈ హోటలుకు వచ్చిందని. నేను కలం జేబులో పెట్టుకుని, ఆ నెలలోనే మొట్టమొదటిసారి అసలైన పరీక్షలకు ఏర్పాటు చేశాను. బుద్ధి వచ్చి కాదు, సిగ్గేసి.

ఆ మొదటి పరీక్షల ప్రహసనం ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. తొమ్మిదిమంది పనివాళ్ళకు తలొక సీసా ఇచ్చి, మర్నాడు మలం శాంపిలు తెమ్మన్నాను. తొమ్మిది సీసాలూ బుద్ధిగా వచ్చాయి. ఫలితం వచ్చింది. తొమ్మిది కడుపుల్లోనూ కొంకిపురుగే, రవ్వంత తేడా లేదు. లోయ నీళ్ళలోనే ఏదో దోషం ఉందని పైవాళ్ళకు నివేదిక రాయబోతున్నాను. రాహేలమ్మ గారు కాగితాన్ని పైనుంచి కిందికి చదివి, "ఆ వారం నాను విశాఖపట్నం చర్చి సభలకెల్లినాను గదా బాబూ, నా పేరున సీసా ఎవులిచ్చినారు?" అంది. అందరూ సోమన్న వంక చూశారు.

సోమన్న ముంచింగిపుట్టు దాపున కొండమీది ఊరి మనిషి, పప్పు వండడంలో దిట్ట, పనివాళ్ళందరిలోకీ పెద్ద. అక్కడి ఊళ్ళలో పెద్ద ఒకడు మాట ఇస్తే ఊరంతా ఇచ్చినట్టే. మొక్కు అయినా, సర్కారు కాగితం మీద వేలిముద్ర అయినా అంతే. ఆ ఆచారాన్ని అతను సీసాలకు కూడా వర్తింపజేశాడు. "పెద్దోన్ని గదమ్మా. అందరి బదులూ నానే ఇచ్చేసినాను. ఆలకెందుకు సెరమ?" అన్నాడు, ఉపకారం చేసిన వాడి ముఖంతో. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. సోమన్న పక్కన పీట వేసుకు కూర్చుని, "అన్నా, ఊరికి మాటియ్యడానికి పెద్దోడు సాలు. రోగం అలగ కాదు. ఎవులి కడుపు ఆలే సూపించుకోవాల" అని నచ్చజెప్పింది. ఇంకోసారి తొమ్మిది సీసాలూ తొమ్మిదిమంది నుంచీ వచ్చాయి. అందరినీ నువ్వు అనే అలవాటున్న నేను ఆ రోజు నుంచి ఆవిడను మీరు అనడం మొదలుపెట్టాను.

కార్డుల గడువులు ఆవిడ ఎక్కడ రాసుకునేదో తెలుసా? తన బైబిలు వెనకాల ఉండే ఖాళీ పుటల్లో. పేరు, పక్కన తేదీ. తెల్లవారి పొయ్యి వెలిగించే ముందు చేసుకునే ప్రార్థనలో, ఆ నెల ఎవరి కార్డు గడువు ముగుస్తుందో వాళ్ళ పేరు చదివి, వాళ్ళను ఆరోగ్యంతో కాపాడమని అడిగేది. కొండ దేవతలను కొలిచే పనివాళ్ళు కూడా ఆ ప్రార్థన చెవులు రిక్కించి వినేవారు. పేరు వినబడిందంటే నెల తిరిగేలోగా సీసా, సూది తప్పవన్నమాట. "అమ్మా, నా పేరు ఇంకో నెలాగి సదవకూడదా?" అని ఇంజక్షన్ భయం ఉన్నవాళ్ళు బతిమాలేవారు. "దేవుడి కాడ అబద్ధం సెప్పమంతావేటి?" అని కసిరేది. ఇంజక్షన్ల రోజున మొదటి సూది తనే పొడిపించుకునేది. చెయ్యి వాచి జ్వరం వచ్చినా ఆ సాయంత్రం పప్పు రుబ్బడం మానేది కాదు.

ఒకసారి పై అధికారి ఒకాయన సకుటుంబంగా లోయ చూడడానికి వచ్చి, వెంట తన సొంత వంటవాణ్ణి తెచ్చుకున్నాడు. అతను సరాసరి వంటింట్లోకి వెళ్ళబోతే రాహేలమ్మ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కార్డుందా నాయనా?" అంది. "నేను అయ్యగారి వంటవాణ్ణి" అన్నాడతను. "అయ్యగారికి నువ్వు వంటోడివి. నా పొయ్యికి కార్డు నేనోడివి." నాయుడు గారు నన్ను పరుగున పిలిపించారు. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. అధికారి భార్య మాత్రం నవ్వి, ఆవిడ చెప్పింది సబబే కదా అని, ఆ పూట రాహేలమ్మ గారు వండిన కోడికూరా, వెదురుకొమ్ముల పులుసూ రెండోసారి వడ్డించుకుని తిన్నారు. హోటళ్ళ మీద నేను ఎన్ని నోటీసులు ఇచ్చినా రాని భయభక్తులు ఆ ఒక్క గుమ్మం దగ్గరి మాటతో లోయలోని హోటళ్ళవాళ్ళందరికీ వచ్చాయి.

ఇక నా గురించి ఒక నిజం. నేను పిరికివాణ్ణి. పరీక్షలో ఫలితం బాగుంటే కొత్త కార్డు జేబులో పెట్టుకుని, స్కూటరు మీద నేనే వెళ్ళి చేతికిచ్చి, కాఫీ తాగి వచ్చేవాణ్ణి. బాగోకపోతే ముఖం చాటేసేవాణ్ణి. ఒకరి నోటి దగ్గర కూడు తీసేసే మాట నా నోటితో చెప్పలేక, వాళ్ళే ఆఫీసుకు వచ్చి అడిగేదాకా ఆగేవాణ్ణి. కొన్నాళ్ళకు లోయలో అందరికీ ఈ గుట్టు తెలిసిపోయింది. ఇన్‌స్పెక్టరు బాబు వస్తే పని ఉన్నట్టు, రాకపోతే ఊడినట్టు. అందరూ నవ్వుకునేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వుకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో, అదీ నేను కాదు మరొకరు చెల్లిస్తారని, నాకు అప్పుడు తట్టలేదు.

తొంభైల చివర్లో ఆ హోటలు పనివాళ్ళలో ఏడాది తిరక్కుండా ముగ్గురికి టైఫాయిడ్ వచ్చింది. ఎంత శుభ్రంగా ఉన్నా ఇలా ఎందుకవుతోందని ఆవిడే నన్ను నిలదీసి, అందరి శాంపిళ్ళూ విశాఖపట్నం పెద్ద ల్యాబుకు పంపించింది. మా ఊళ్ళో ఏటేటా చేసే పరీక్షలో కడుపులో పురుగులు తప్ప టైఫాయిడ్ బీజం తేలదు. ఎనిమిదిమందివి బాగున్నాయి. తొమ్మిదోది రాహేలమ్మ గారిది. ఎప్పుడో యవ్వనంలో భర్తను పొట్టన పెట్టుకున్న ఆ రోగబీజం ఆవిడ పిత్తాశయంలో దాక్కుని ఇన్నేళ్ళూ బతికే ఉందని, ఆవిడకు ఏ బాధా కలిగించకుండా ఆవిడ చేతుల మీదుగా ఇతరులకు చేరగలదని డాక్టరు గారు నాకు వివరించారు. మూడు రోజులు నేను ఆ వీధి వైపు పోలేదు. నాలుగోనాడు ఆవిడే నడిచి ఆఫీసుకు వచ్చింది.

"మీరు రానేదంటేనే నాకు తెలిసిపోనాది బాబూ. కాగితం సూపించండి."

చూపించాను. చదువుకుంది. అప్పుడు నేను ఒక నీచమైన మాట అన్నాను. ప్రేమతోనే అన్నాను, కానీ నీచమే. "ఇంకొకరి శాంపిలు మీ పేరున పంపిస్తాను, ఎవరికీ తెలియదు" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "అదే పని సోమన్న సేసినపుడు తెలీక సేసినాడు బాబూ. మీకు తెలుసు గదా" అంది. అక్కడి నుంచి హోటలుకు వెళ్ళి, నడుముకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మేకుకు తగిలించి, సోమన్నకు తాళాలిచ్చి వచ్చేసింది. అంట్లు తోమే పనికైనా ఉండమని నాయుడు గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. పళ్ళెమైనా సెయ్యే గదండి తగిలేది అని ఒప్పుకోలేదు. కాఫీ తోటల్లో పండు కోసే కూలికి వెళ్ళింది. తొక్క తీసి, ఎండబెట్టి, వేయించే సరుకు కాబట్టి దోషం లేదట. తన ఇంట్లో కూడా పొయ్యి దగ్గరికి పోలేదు. ఇల్లంతా కోడలికి వదిలేసి, తన కంచం, తన చెంబు వేరు పెట్టుకుంది.

డాక్టరు గారు నెల రోజుల మందు రాశారు. ఆ తర్వాత వరసగా మూడు పరీక్షలు బాగుంటే కార్డు తిరిగి ఇవ్వచ్చన్నారు. మొదటిది బాగుంది. స్కూటరు మీద వెళ్ళి చెప్పాను. రెండోదీ బాగుంది. వెళ్ళి చెప్పాను. ఆ రోజు ఆవిడ ముఖం చూడాలి. నాయుడు గారి పొయ్యి గొట్టం మార్పించాలి, పొగ ఎనక్కొస్తంది అని అప్పుడే పురమాయింపులు మొదలుపెట్టింది. మూడోది విశాఖపట్నం వెళ్ళింది.

మూడో ఫలితం వచ్చిన రోజునే నాకు సీలేరు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి హోటలును నేను మూయించినందుకు దక్కిన బహుమానం. ఒళ్ళు మండిపోతూ, బల్ల మీది టపా విప్పకుండానే ఊడ్చి ట్రంకులో పడేసి, రెండోనాడు బస్సెక్కాను. ఆ టపాలో ఆ కవరు ఉంది. సీలేరులో ఆ పెట్టె తెరవలేదు. తర్వాత వెళ్ళిన ఊళ్ళలోనూ తెరవలేదు. మరిచిపోయాను. దానికి ఇంకో అందమైన పేరు లేదు. నా తర్వాత వచ్చిన వాళ్ళే ఆవిడకు చెప్పి ఉంటారులే అని ఒకటి రెండుసార్లు అనుకున్నాను, అంతే. ఆవిడ మాత్రం నేను రాకపోవడం చూసింది. నా బదిలీ సంగతి తెలిసింది, అయినా బాగుంటే బండెక్కే ముందు ఒక్కసారి వచ్చి చెప్పి ఉండేవాడు గదా అనుకుంది. ప్రతి సంతకాన్నీ ప్రశ్నించిన మనిషి ఆ ఒక్కసారి కాగితం అడగలేదు.

ఉద్యోగ విరమణ చేసి, పాత పెట్టెలు విప్పుతుంటే ఆ కవరు దొరికింది. బాగుంది. పూర్తిగా బాగుంది. మర్నాడు కిరండూల్ పాసింజరెక్కి అరకు వెళ్ళాను. చర్చి వెనకాల ఇంటి అరుగు మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళు సగమైంది. ఆయాసం. నేను జరిగింది జరిగినట్టు చెప్పి, కాగితం చేతిలో పెట్టాను. చదువుకుని ఒళ్ళో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఏడేళ్ళు బాబూ" అంది. "మా సువార్త అప్పటికి ఐదేళ్ళ గుంట. నా సెయ్యట్టుకుని, మామ్మా అన్నం ముద్దెట్టు అని ఏడిసీది. నాను సెయ్యి ఎనక్కి లాక్కునీదాన్ని. నా కూతురు కడుపుతో ఉండి వొచ్చినా ఒక్క పూట వండెట్టనేదు."

ఇక ఇప్పటికైనా మీ చేతి కాఫీ ఇప్పించండి అన్నాను, ఏడుపు ఆపుకోవడానికి. ఆవిడ కాగితాన్ని వెలుతురుకు పెట్టి తేదీ చూసింది.

"ఇది పాతది బాబూ. ఏడాది దాటితే సెల్లదు. మీరు సెప్పినదే గదా."

ఆ మాటలో వెటకారం లేదు. నిబంధన నిబంధనే. తనకోసం కూడా ఆవిడ దాన్ని సడలించలేదు. కోడలు తెచ్చిన కాఫీ తాగి, రాహేలమ్మ గారు ఇచ్చిన కొత్త శాంపిలు సీసా తీసుకుని, ఫలితం రాగానే పట్టుకొస్తానని చెప్పి బయల్దేరాను. విశాఖపట్నంలో ల్యాబువాళ్ళు పది రోజులన్నారు. పది రోజులు ఇరవై అయ్యాయి. ఎవరో సెలవులో ఉన్నారన్నారు. కాగితం లేకుండా ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను అని నేను ఇంట్లోనే కూర్చున్నాను. ఇంకా రాలేదని ఒక ఫోను చెయ్యడానికి కూడా నాకు ఊహ కలగలేదు. ఈలోగా ఆదివారం వచ్చింది.

సోమవారం ఖననానికి వెళ్ళాను. సమాధి దగ్గర పాదిరి గారి పక్కన సోమన్న నిలబడ్డాడు, ముసలివాడైపోయాడు. ఇప్పుడు లోయలో వంటవాళ్ళుగా ఉన్నవాళ్ళు ఎంతోమంది వచ్చారు. ఎవరికివారే ఆవిడ తమ వేళ్ళ గోళ్ళు పట్టి చూసిన సంగతులు చెప్పుకుని ఏడ్చారు. వాళ్ళ హోటళ్ళ గోడలకు కార్డులు ఇప్పటికీ వేలాడుతున్నాయి. వాటి మీద తేదీ చదివి, ఆ మనిషి ఆరోగ్యం కోసం ప్రార్థన చేసేవాళ్ళు ఇక ఎవరున్నారు? ఆ లోటు తీర్చగలవాళ్ళు నాకు కనుచూపు మేరలో కనబడడం లేదు.

ఫలితం బుధవారం వచ్చింది. కవరు చింపకుండా రైలెక్కాను. అరుగు మీద కూర్చుని సువార్త చేతే విప్పించాను. ఆ పిల్ల చదివి నాకు తిరిగి ఇచ్చేసింది. మామ్మ చివరి రోజుల్లో నా గురించి ఏమైనా అందా అని అడిగాను.

"రోజూ బండి టైముకి ఇక్కడే కూకునీది బాబుగారూ. బండి ఎల్లిపోయాక లోపలికొచ్చి, 'ఇన్‌స్పెక్టరు బాబు రానేదు గుంటా, అంటే మళ్ళీ బాగోనేదన్నమాట' అనీది."

రాహేలమ్మ గారూ, శిరసు వంచి మీకు చెప్పుకుంటున్నాను. రెండుసార్లూ మంచి కబురే వచ్చిందమ్మా. తేవలసినవాడే రాలేదు.